ఒక చుక్క తేడా

2020 ఫిబ్రవరిలో ఆఫీసు నుంచి రాగానే మేడెక్కేవాణ్ణి. ఒరాయన్ భుజం దగ్గరుండే ఎర్ర చుక్క, బెటెల్‌గూస్, మామూలు కంటే బాగా మసకబారింది. పేలిపోతుందేమోనని అందరూ మాట్లాడుకుంటున్నారు. నిజం చెప్పొద్దూ, పేలితే బావుణ్ణని నేనూ అనుకున్నాను.

ఓ రాత్రి తాతయ్య పైకొచ్చి, "ఏంట్రా చూస్తున్నావ్?" అన్నాడు. చూపించాను.

"ఆరుద్ర కదరా అది!"

ఆరుద్ర అంటే నాకు కార్తె, తొలకరి వానలు, మఖమల్‌లాంటి ఎర్ర పురుగు. బెటెల్‌గూస్ అంటే ఇంగ్లీషు పుస్తకం. రెండూ ఒకటేనని ముప్పై ఏళ్ళొచ్చినా తెలీలేదు.

బెటెల్‌గూస్ అన్న పేరే ఓ పొరపాటు. అరబ్బులు దాన్ని 'యద్ అల్ జౌజా', అంటే జౌజా చెయ్యి, అన్నారు. అరబీలో మాట మొదట్లో వచ్చే 'య' కింద రెండు చుక్కలుంటాయి, 'బ' కింద ఒకటే. మధ్యయుగాల్లో లాటిన్‌లోకి తెచ్చేటప్పుడు 'య'ని 'బ'గా చదివారు. తర్వాతి పండితులు ఆ తప్పు పేరుకి 'చంక' అని అర్థం కూడా చెప్పారు. మా కోడ్‌లో ఇలాంటి బగ్ వస్తే ఆ రోజే పట్టుకుంటాం. ఇది శతాబ్దాలుగా నడుస్తోంది.

పేరు తప్పైనా చుక్కని మాత్రం వాళ్ళు వదల్లేదు. 1836లో జాన్ హెర్షెల్ దాని వెలుగు హెచ్చుతగ్గులవుతోందని గమనించాడు. 1920 డిసెంబరు 13న కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ మీద, 100 అంగుళాల టెలిస్కోపుకి 20 అడుగుల దూలం బిగించి మైకెల్సన్ బృందం దాని వ్యాసం కొలిచింది. సూర్యుణ్ణి మినహాయిస్తే మనిషి వ్యాసం కొలిచిన మొదటి నక్షత్రం అదే. వచ్చిన కోణం 0.047 ఆర్క్ సెకన్లు. దాదాపు వంద కిలోమీటర్ల అవతలున్న రూపాయి బిళ్ళ మనకి ఎంత కనిపిస్తుందో అంత! మసకబారడానికి కారణం కూడా 2021కి తేల్చారు: నక్షత్రం కక్కిన వాయువు చల్లబడి, ధూళిగా మారి, వెలుగుకి అడ్డొచ్చింది.

మరి మన ఆరుద్ర? ఆర్ద్ర అంటే తడి. ఆరుద్ర కార్తె జూన్ 22 ప్రాంతంలో మొదలవుతుంది. అప్పుడు సూర్యుడు ఆ చుక్క దరిదాపుల్లోనే ఉంటాడు కాబట్టి అది అసలు కనపడదు. అంటే, కార్తెకి ఆ పేరు పెట్టినవాళ్ళు కంటికి ఆనని చుక్క ఎక్కడుందో లెక్కగట్టి చెప్పారన్నమాట. ఇది పల్లెటూరి నమ్మకం కాదు, ఖగోళశాస్త్రం. మనం పేరుని పంచాంగంలో భద్రంగా ఉంచుకుని, తలెత్తి చూడటం మానేశాం. చుక్క తేడా కంటే ఇదే పెద్ద పొరపాటనిపిస్తుంది.

మిగతా ఇరవయ్యారు నక్షత్రాలూ చూపించమని ఆ రాత్రే తాతయ్యని అడగాల్సింది. నేను ఫోన్‌లో యాప్ తెరిచి, అది బెటెల్‌గూసో కాదో సరిచూసుకుంటూ కూర్చున్నాను. ఆయనిప్పుడు లేడు.