బియ్యం 2 రూపాయలైంది, పప్పెందుకు కాలేదు?



నా వయసు వాళ్ళు ఏ పెళ్ళికి వెళ్ళినా ఒక ప్రశ్న తప్పదు. "ఏరా, పప్పన్నం ఎప్పుడు పెడుతున్నావ్?" బిర్యానీ ఎప్పుడు అని ఎవరూ అడగరు, గమనించారా? ఎందుకంటే ఆ మాట పుట్టిన రోజుల్లో వరి అన్నం, ముద్దపప్పు, నెయ్యి మూడూ ఒకే విస్తట్లో పడటం చాలా ఇళ్ళల్లో పెళ్ళికో పండక్కో జరిగే పని. రోజూ తినేది జొన్నరొట్టె, రాగిసంగటి, గటక, అంబలి.

ఆ మాటలో రెండు వస్తువులున్నాయి. అన్నం, పప్పు. ఇందులో అన్నం ఇవాళ అందరి ఇంటికీ రోజువారీ వస్తువైపోయింది. పప్పు మాత్రం నెలాఖరుకి పల్చబడుతూనే ఉంది. ఈ తేడా ఎలా వచ్చిందన్నదే ఈరోజు ఎపిసోడ్.

ముందు ఇది ఎవరి కథో చెప్తాను. 2014 నాటి కేంద్ర ప్రభుత్వ ఎస్ఆర్ఎస్ సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ 15 ఏళ్ళు దాటిన వాళ్ళలో నూటికి 98 మంది మాంసాహారులే అని తేలింది. మరి శాకాహారుల బడ్జెట్ గురించి మాట్లాడటం ఎందుకు? రెండు కారణాలు. మిగిలిన ఆ ఒకరిద్దరు శాతం అన్నా కూడా లక్షల మంది. ఇంకోటి, మాంసం తినే ఇంట్లో కూడా జీతం అయిపోయాక వారాలకి వారాలు అందరూ శాకాహారులే. అప్పుడు పిల్లల ఒంటికి ప్రోటీన్ ఇచ్చేది పప్పే.

మా ఇంట్లో అయితే గుడ్డు కూడా రాదు. అమ్మకి క్యాలెండర్ అక్కర్లేదు, గిన్నె చూసి తారీకు చెప్పేయొచ్చు. మొదటి వారం ముద్దపప్పు. రెండో వారం తోటకూర పప్పు, అందులో తోటకూరే ఎక్కువ. మూడో వారం పప్పుచారు. ఆఖర్న చారు. చిన్నప్పుడు ఇది వెరైటీ అనుకునేవాణ్ణి. ఉద్యోగంలో చేరి ఎక్సెల్ షీట్‌లో ఇంటి ఖర్చు వేసుకున్నాకే అది లెక్క అని అర్థమైంది.

ఆ లెక్క మీరూ చూడండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, అదే మన తార్నాకలో ఉండే ఎన్ఐఎన్, 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం పప్పులు, గుడ్డు, మాంసం అన్నీ కలిపి రోజుకి 85 గ్రాములు తినాలి. శాకాహారికి ఆ 85 దాదాపు మొత్తం పప్పుధాన్యాల నుంచే రావాలి. నలుగురికి నెలకి 10 కిలోలు. పిల్లలు కొంచెం తక్కువ తింటారనుకుని 8 కిలోలు వేసుకుందాం. కిలో 130 చొప్పున 1,040 రూపాయలు. అదే ఇంటికి రేషన్ కార్డు ఉంటే మనిషికి 5 కిలోల చొప్పున 20 కిలోల బియ్యం సున్నా రూపాయలకి వస్తుంది. ఒకే కంచం, ఒక పక్క సున్నా, ఇంకో పక్క వెయ్యి.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. 1950-51లో మన దేశంలో హెక్టారుకి సగటున 668 కిలోల బియ్యం పండేది. పప్పుధాన్యాలు 441 కిలోలు. అంటే మరీ ఏనుగు, ఎలక తేడా ఏమీ కాదు. 1951లో దేశంలో మనిషికి రోజుకి సుమారు 60 గ్రాముల పప్పుధాన్యాలు అందుబాటులో ఉండేవి.

తర్వాత దేశం తిండి కోసం అమెరికా గోధుమల ఓడల వైపు చూడాల్సి వచ్చింది. 1960ల మధ్యలో వరుస కరువులు. అప్పుడు ప్రభుత్వం గట్టి నిర్ణయాలు తీసుకుంది. 1965లో భారత ఆహార సంస్థ, అంటే ఎఫ్‌సీఐ పెట్టారు. అదే ఏడాది పంటల ధరలు సిఫారసు చేసే కమిషన్ వచ్చింది. 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్8 అనే పొట్టి వరి వంగడం విడుదల చేసింది. 1967లో పశ్చిమగోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు అనే యువ రైతు దాన్ని వేసి దిగుబడి చూపించారు. చుట్టుపక్కల రైతులు ఆ విత్తనం కోసం వచ్చారు.

ఇక్కడ జరిగింది గమనించండి. వరికి కొత్త విత్తనం దొరికింది. కాలవ నీళ్ళు ఉన్నాయి. ఎరువు వచ్చింది. పండిన గింజ కొనడానికి ఎఫ్‌సీఐ గోదాము ఉంది. నాలుగూ ఒకేసారి కలిశాయి.

కందికి ఇవేవీ కలవలేదు. కంది వాన మీద బతికే పంట. జూన్, జూలైలో వేస్తే చేతికొచ్చేసరికి సంక్రాంతి. పురుగు పడుతుంది. వాన వెనకేస్తే పోతుంది. మద్దతు ధర కాగితం మీద ఉన్నా, వరి, గోధుమలు కొన్నట్టు ప్రభుత్వం దశాబ్దాల పాటు కందులు కొనలేదు. దాంతో నీళ్ళు వచ్చిన ప్రతి పొలంలో రైతు కంది మానేసి వరి వేశాడు. ఆ స్థానంలో ఉంటే మీరైనా, నేనైనా అదే చేస్తాం. డెల్టాలో వరి కోసేముందు మిగిలిన తేమ మీద చల్లే మినుము, పెసరే పప్పుజాతికి దక్కిన చోటు.

ఫలితం అంకెల్లో చూడండి. 1951 నుంచి ఇప్పటికి జనాభా దాదాపు 4 రెట్లయింది. బియ్యం ఉత్పత్తి 2 కోట్ల టన్నుల నుంచి 13 కోట్ల టన్నులు దాటింది, 6 రెట్లకి పైగా. పప్పుధాన్యాలు 84 లక్షల టన్నుల నుంచి సుమారు రెండున్నర కోట్ల టన్నులకి వచ్చాయి, 3 రెట్లే. 2001కి వచ్చేసరికి ఆ 60 గ్రాములు కాస్తా 30 అయ్యాయి. సగానికి సగం.

ఇక 1983. ఎన్టీఆర్ గెలిచారు, కిలో 2 రూపాయల బియ్యం వచ్చింది. మనిషికి 5 కిలోలు, కుటుంబానికి గరిష్ఠంగా 25 కిలోలు. ఆకలి అంటే ఏంటో తెలిసిన వాళ్ళని అడగండి, ఆ సంచీ విలువ చెప్తారు. దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. తర్వాత ధర పెరిగింది, తగ్గింది, రూపాయి అయింది, 2023 నుంచి ఉచితం అయింది. ఏ పార్టీ వచ్చినా బియ్యం ఆగలేదు.

కానీ దాంతోపాటు ఇంకో మార్పు కూడా నడిచింది. తెలంగాణ, రాయలసీమ మెట్ట చేలల్లో జొన్న సాళ్ళ మధ్య కంది సాలు వేసేవాళ్ళు. ఇంటికి జొన్నలతో పాటు ఏడాదికి సరిపడా కందులూ వచ్చేవి. బియ్యం చవకయ్యాక జొన్న తినేవాళ్ళు తగ్గారు. జొన్న చేను తగ్గితే అందులోని కందీ తగ్గింది. పొలంలోంచి వచ్చే పప్పు కిరాణా కొట్లో కొనే వస్తువైంది. ఎన్ఐఎన్ పాత పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నలో ప్రోటీన్ సుమారు 10 గ్రాములు, బియ్యంలో 7 లోపే. అంటే రెండు వైపులా నష్టం.

విచిత్రంగా అదే 1983లో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. అక్కడి మహిళా సంఘాలు, ఎక్కువమంది దళిత మహిళలు, జొన్నా కందీ కలిపి సాగు చేసుకుంటూ వచ్చాయి. 1990లలో బీడు భూములు సాగులోకి తెచ్చి, జొన్నలతో తమ సొంత రేషన్ కూడా నడిపాయి. 2019లో ఆ సంస్థకి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. అంటే వేరే దారి ఉంది, నడిచి చూపించిన వాళ్ళూ ఉన్నారు.

ప్రభుత్వాలు పప్పు ఇవ్వడానికి ప్రయత్నించలేదా అంటే, ప్రయత్నించాయి. 2013 ఉగాదికి 'అమ్మహస్తం' వచ్చింది. 185 రూపాయలకి 9 సరుకులు, అందులో కందిపప్పు కిలో 50 రూపాయలు. ఎక్కువ కాలం నిలవలేదు. తమిళనాడు 2007 నుంచి రేషన్‌లో కిలో 30 రూపాయలకి కందిపప్పు ఇస్తోంది. కానీ నలుగురున్న ఇంట్లో నెలకి కిలో అంటే మనిషికి రోజుకి 8 గ్రాములు. 2013 ఆహార భద్రత చట్టంలో హక్కుగా ఇచ్చింది బియ్యం, గోధుమ, చిరుధాన్యాలే. పప్పు లేదు. అదే ప్రభుత్వం మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక పాఠశాల పిల్లాడికి 100 గ్రాముల బియ్యానికి 20 గ్రాముల పప్పు అని కొలిచి రాసింది. బడిలో ఉన్న కొలత ఇంటికొచ్చేసరికి మాయం.

2015లో వరుసగా రెండో కరువు, కందిపప్పు కిలో 200 తాకింది. ఆ ధర చూసి రైతులు తెగ వేశారు. తర్వాతి సీజన్‌లో మద్దతు ధర క్వింటాలుకి 5,050 ఉంటే, మార్కెట్లో అంతకన్నా తక్కువకి అమ్ముకున్నారు. ఒక ఏడాది అమ్మ ఏడ్చింది, ఇంకో ఏడాది రైతు ఏడ్చాడు.

మరి విధానం మారేదాకా ఇంట్లో ఏం చేయాలి? కందిపప్పు ఒక్కటే పప్పు కాదు. పెసలు, ఉలవలు, శనగలు, బొబ్బర్లు అన్నిట్లో 100 గ్రాములకి 17 నుంచి 24 గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది. పల్లీల్లో 25. ఏది చవగ్గా ఉంటే అది కొనండి. అన్నంలో లోటుగా ఉండే లైసిన్ పప్పులో ఉంటుంది, అందుకే రెండూ కలిపి తినడం తెలివైన పని. బి12 మాత్రం పప్పులో ఉండదు, శాకాహారులు పాలు, పెరుగు ఆపకండి.

ఇంకో మాట. చారు పల్చబడిందని ఇంట్లో వండేవాళ్ళని అనకండి. ఆ గిన్నెలో నీళ్ళు పోసింది వాళ్ళ చెయ్యే అయినా, ఎన్ని నీళ్ళు పోయాలో 1965 నుంచి వేరే చోట తేలుతోంది. ఈసారి ఓటు అడగడానికి వచ్చిన వాళ్ళు బియ్యం గురించి చెప్తుంటే పూర్తిగా వినండి. విన్నాక ఒక్కటే అడగండి: "పప్పు ఎన్ని గ్రాములు?"