మయ్యత్‌ మీద మహసూల్‌

"మృతదేహాన్ని పోస్టుమార్టం కోసం మార్చురీకి తరలించారు." మన తెలుగు పేపర్లలో ఈ వాక్యం లేని రోజుండదు. విలేకరిగా నేను ఎన్నిసార్లు రాశానో లెక్కే లేదు. మార్చురీ అంటే శవాల గది, అంతే కదా అనుకుంటాం. కానీ ఈ లఫ్జ్‌ తారీఖ్‌ తవ్వితే ముందు బయటపడేది వసూలు.

1066లో నార్మన్లు ఇంగ్లండును గెలవక ముందే అక్కడ 'సోల్‌స్కాట్‌' అనే రివాజ్‌ ఉండేది. సోల్‌ అంటే రూహ్‌. స్కాట్‌ అంటే కట్టాల్సిన పైకం. మనిషి చనిపోతే అతని రూహ్‌ పేరున చర్చికి చెల్లించే మహసూల్‌ అన్నమాట. ఖబర్‌ ఇంకా తెరిచి ఉండగానే దాన్ని కట్టేయడం మేలని 11వ శతాబ్దపు రాజు కన్యూట్‌ చట్టం చెప్పింది.

తర్వాతి జమానాలో ఈ వసూలుకు 'మార్చురీ' అనే పేరు స్థిరపడింది. లాటిన్‌లో మార్టువస్‌ అంటే చనిపోయినవాడు. బతికుండగా చర్చికి ఎగ్గొట్టిన బాకీ ఏదైనా ఉంటే ఇలా తీరిపోతుందని పాద్రీల దలీల్‌. దీనికి తోడు దొరగారి వాటా 'హెరియట్‌' ఒకటి. హెరియట్‌ అంటే అసలు ఫౌజీ సామాను. సిపాయి చనిపోతే దొర ఇచ్చిన గుర్రం, ఆయుధాలు వాపసు చేయడం దాని మొదటి అర్థం. అదే పోను పోను రైతు కొట్టంలోకి దూరింది. ఇంటి పెద్ద చనిపోతే చాలా ఊళ్లలో మేలైన పశువు దొరకి, దాని తర్వాతది పాద్రీకి. బేవాకి మిగిలేది గమ్‌, ఖాళీ కొట్టం.

పశువులు లేని పట్నంలో ఒంటి మీది బట్ట అడిగేవాళ్లు. 1511 మార్చిలో లండన్‌లో రిచర్డ్‌ హన్‌ అనే బట్టల వ్యాపారి కొడుకు చనిపోయాడు. వాడి వయసు ఐదు వారాలు. పసివాణ్ణి బాప్తిస్మానికి చుట్టి తెచ్చిన గుడ్డను మార్చురీ కింద ఇమ్మన్నాడు పాద్రీ. హన్‌ ఇవ్వనన్నాడు. చనిపోయిన పసివాడికి మిల్కియత్‌ ఎక్కడిది, వాడిది కానిది మీకెలా వస్తుంది అన్నది అతని వాదన. కఫన్‌కు జేబు ఉండదని మన పెద్దలు అనే మాటకి ఇది దగ్గరి చుట్టమే.

1512లో చర్చి అదాలత్‌లో హన్‌ ఓడిపోయాడు. ఊరుకోక, పాద్రీల మీద రాజుగారి అదాలత్‌లో దావా వేశాడు. అప్పుడు అతని మీద మతద్రోహం ఇల్జామ్‌ వచ్చింది. 1514 డిసెంబరులో బిషప్‌ ఖైదులో ఉరికి వేలాడుతూ కనిపించాడు. ఖుద్కుషీ అన్నారు చర్చివాళ్లు. విచారించిన జ్యూరీ మాత్రం ఖతల్‌ అని తేల్చింది. అయినా అతని మయ్యత్‌కు ఖబర్‌ దక్కలేదు. మతద్రోహి అని ముద్రవేసి శవాన్ని తగలబెట్టారు.

ఆ గుస్సా లండన్‌ జనంలో చల్లారలేదు. 1529లో ఎనిమిదో హెన్రీ పార్లమెంటు మార్చురీ వసూళ్లకు హద్దు పెట్టింది. చనిపోయినవాడి సామాను విలువ 10 మార్కుల కంటే తక్కువైతే ఏమీ తీసుకోకూడదు. ఎంత ఆస్తి ఉన్నా 10 షిల్లింగులు దాటకూడదు.

పాత ఇంగ్లీషులో మాతం మాటలన్నీ ఇలా పిండుకునేవే అంటే ఇన్సాఫ్‌ కాదు. 'మంత్స్‌ మైండ్‌' ఉంది. మైండ్‌ అంటే ఇక్కడ యాద్‌. మన చాలీస్వా లాగే, నెల నిండాక పోయినవాళ్లను తలుచుకుని చేసే దువా అది. 'డోల్‌' ఉంది. హిస్సా అని అర్థం. మయ్యత్‌ రోజున గరీబులకు పంచే రొట్టె, చిల్లర. ఇక 'కాఫిన్‌' అనగానే మనకు కఫన్‌ గుర్తొస్తుంది గానీ మాటల్లో చుట్టరికం లేదు. గ్రీకులో బుట్టను కోఫినోస్‌ అంటారు. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లండు చేరింది. చుట్టరికం రివాజ్‌లో ఉంది. పెట్టె కొనే తాహతు లేని గరీబుల కోసం చర్చిలో ఉమ్మడి పెట్టె ఒకటి ఉండేది. గుడ్డలో చుట్టిన మయ్యత్‌ను అందులో ఖబర్‌ దాకా మోసి, గుడ్డతోనే దించి, పెట్టెను మళ్లీ చర్చికి చేర్చేవాళ్లు. మన మసీదుల్లో జనాజా డోలా ఉన్నట్టే.

19వ శతాబ్దంలో ఇంగ్లండు పట్నాల్లో శవాలు ఉంచే గదులు కట్టారు. 'డెడ్‌ హౌస్‌' అనడం మోటుగా ఉందని కాబోలు, వాటికి మార్చురీ అని పేరొచ్చింది. వసూలు అన్న పాత మానీని జనం మరిచిపోయారు. ఆ కొత్త మానీతోనే అది మన ఆసుపత్రుల బోర్డుల మీదికి, మన పేపర్లలోకి వచ్చింది.

అయితే మార్చురీ బయట పొద్దుటి నుంచి కూర్చున్న వారసులను అడిగి చూడండి. పోస్టుమార్టం తొందరగా కావాలంటే ఇంత, గుడ్డ చుట్టాలంటే ఇంత, బండి ఎక్కించాలంటే ఇంత. ఏ చట్టంలోనూ లేదు, రసీదూ లేదు. ఏడుస్తూనే కొంగుముడి విప్పి ఇస్తున్నారు. 1529 చట్టం గరీబును కనీసం వదిలేయమంది. ఇక్కడ ముందు చేయి చాపేది గరీబు ముందే.