6 వోల్టుల ట్రాక్టరు

బ్యోబ్లింగెన్ అంటే మనవాళ్లకి ఐటీ, కార్ల ఉద్యోగాలు. పక్క ఊరు సిండెల్‌ఫింగెన్‌లోనే మెర్సిడెస్ కర్మాగారం. ఊరు దాటితే మాత్రం ఆపిల్ చెట్ల మధ్య పాత ట్రాక్టర్లు ఇంకా కనిపిస్తాయి. అలాంటి బండ్ల యజమానుల మధ్య తెగని తగువొకటుంది: 6 వోల్టుల బండిని 12కి మార్చొచ్చా, పుట్టినట్టే ఉంచాలా?

మొదట్లో ట్రాక్టరుకి బ్యాటరీతో పనే లేదు. మాన్‌హైమ్‌లో 1921లో వచ్చిన లాంజ్ బుల్‌డాగ్‌ని బ్లో ల్యాంపుతో వేడిచేసి, చేత్తో తిప్పి లేపేవారు. కార్లకి డైనమో, బ్యాటరీ, దీపాలు ఒకే సెట్టుగా స్టుట్‌గార్ట్ బాష్ కంపెనీ 1913లో అమ్మింది. (మన రైతులకి డీజిల్ పంపు మీది పేరుగా తెలిసిన మైకో, 1951లో బెంగళూరులో మొదలైంది, ఈ బాష్ చుట్టమే.)

బ్యాటరీలో ఒక్కో గది సుమారు 2 వోల్టులిస్తుంది. మూడు గదులైతే 6. దీపాలకీ హారన్‌కీ అది చాలు. చిక్కంతా సెల్ఫ్ వచ్చాకే. 36 వాట్ల బల్బు 12 వోల్టుల మీద 3 ఆంపియర్లు లాగితే, 6 మీద 6 లాగుతుంది. అదే తీగలో వృథా నాలుగింతలు. తుప్పు పట్టిన ఎర్త్ దగ్గర ఒక్క వోల్టు పోయిందంటే ఆరోవంతు పోయినట్టే. ఇక్కడి చలిలో సెల్ఫ్ మూలుగుతుంది. 1950ల మధ్యకల్లా అమెరికా కార్లు దాదాపు అన్నీ 12కి మారాయి. బీటిల్ మాత్రం 1960ల రెండో సగం దాకా 6తోనే లాక్కొచ్చింది.

నా ఓటు మార్చేవాళ్లకే. హ్యాండిల్ వెనక్కి తన్ని చెయ్యి విరిగిన కథలు మన పల్లెల్లోనూ ఉన్నాయి. డెబ్బై ఏళ్ల మనిషి ఆ హ్యాండిల్ తిప్పలేక బండిని షెడ్డులో పెట్టేస్తే, ఒరిజినల్‌గా ఉండి ఎవరికి లాభం?

ఫోర్డ్ 8ఎన్ (1947–52) ట్రాక్టరునే చూడండి. 6 వోల్టులు, పైగా పాజిటివ్ ఎర్త్. బ్యాటరీ, బల్బులు, కాయిల్ మారుస్తారు. డైనమో స్థానంలో ఆల్టర్నేటర్ పెడతారు. ఎర్త్ నెగటివ్‌కి తిప్పుతారు కాబట్టి ఆమ్మీటరు తీగలూ అటూఇటూ మార్చాలి. పాత తీగలు చెడిపోకుంటే అవే చాలు, రెట్టింపు కరెంటుకి వేసినవి కదా! సెల్ఫ్ మోటారు కూడా చాలామంది పాతదే ఉంచేస్తారు. ఎర్త్ మారినా అది తిరిగే దిశ మారదు, ఎందుకంటే లోపలి రెండు చుట్టల్లోనూ కరెంటు ఒకేసారి తిరగబడుతుంది. ఇంజను ఇట్టే అందుకుంటుంది. అందుకోకపోతే మాత్రం బటన్ నొక్కిపట్టి కూర్చోకూడదు, మోటారు కాలిపోతుంది.