ఒకే పెట్టె, రెండు కొలువులు

1973లో జెరాక్స్ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో తయారైన ఆల్టో కంప్యూటరు ఒక్క మనిషి వాడకానికి ఉద్దేశించినది. అంతకుముందు పెద్ద యంత్రాన్ని పదిమందీ టెర్మినళ్ల మీద పంచుకునేవారు. ఎవరి యంత్రం వారి బల్ల మీదికి వచ్చాక కొత్త చిక్కొచ్చి పడింది. లేజర్ ప్రింటరు, పెద్ద డిస్కులు మనిషికొకటి కొనేంత చవక కాదు. వాటిని ఈథర్‌నెట్ ద్వారా అందరికీ అందించే పనికి కొన్ని యంత్రాలను విడిగా పెట్టారు. సర్వర్, వర్క్‌స్టేషన్ దారులు అక్కడ చీలాయి.

1980లలో సన్ మైక్రోసిస్టమ్స్ ఈ విభజననే వ్యాపారంగా మలిచింది. సన్ 3/50 వర్క్‌స్టేషన్‌ను డిస్కు లేకుండానే వాడేవారు; స్విచ్ వేస్తే సర్వర్ నుంచే బూట్ అయ్యేది. ఇక 3/160, 3/180 మోడళ్లలో ప్రాసెసర్ బోర్డు ఒకటే. మొదటిది బల్ల పక్కన నిలబడేది, రెండోది ర్యాక్‌లో బిగించేది. తేడా అంతా పెట్టెలోనే!

అసలు రచ్చ విండోస్ ఎన్‌టీ 4.0తో వచ్చింది. 1996లో మైక్రోసాఫ్ట్ దీన్ని వర్క్‌స్టేషన్, సర్వర్ అని వేర్వేరు ధరలకు అమ్మింది. వెబ్‌సైట్ నడపాలంటే ఖరీదైన సర్వర్ కొనాల్సిందేనన్నట్టు, వర్క్‌స్టేషన్‌కు ఏకకాలంలో పది కనెక్షన్లకు మించకూడదని లైసెన్సులో షరతు పెట్టింది. సాఫ్ట్‌వేర్ నిపుణులు ఆండ్రూ షుల్మన్, మార్క్ రుసినోవిచ్ లోపల చూస్తే రెండింటి కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, ఒకటే. ఏ పాత్ర పోషించాలో సెట్టింగులు దాచే రిజిస్ట్రీలోని విలువలు చెబుతున్నాయి. వాటిని మార్చబోతే, కాపలా ఉన్న థ్రెడ్లు తిరిగి పాత విలువలే రాసేవి.

అలాగని అది వట్టి పేరు మార్పిడి అనడం అన్యాయం. బూట్ అయ్యేటప్పుడు ఆ విలువలను బట్టే కెర్నల్ నడవడిక మారేది. వర్క్‌స్టేషన్‌లో ప్రాసెసర్ ఒక్కో ప్రోగ్రాముకు వరసగా ఇచ్చే సమయం రెండు గడియార టిక్కులు. ఎదుట తెర మీదున్న ప్రోగ్రాముకు మాత్రం దానికి మూడు రెట్ల దాకా దక్కేది. టైపు చేస్తున్న మనిషి ఎదురుచూడకూడదు కదా. సర్వర్‌లో అందరికీ సమానంగా పన్నెండు టిక్కులు. మొదలుపెట్టిన అభ్యర్థన మధ్యలో ఆగకుండా ఒక్క ఊపులో పూర్తయ్యే అవకాశం ఎక్కువ. మెమరీలో ఫైళ్ల క్యాష్‌కు ఇచ్చే వాటా కూడా వేరు.

హార్డ్‌వేర్‌లో తేడాలు ఇంత గొడవ లేకుండానే స్థిరపడ్డాయి: తప్పులు సరిదిద్దే ఈసీసీ మెమరీ, రెండో పవర్ సప్లై, నడుస్తుండగానే మార్చగల డిస్కులు సర్వర్‌కు, మంచి గ్రాఫిక్స్ కార్డు, తక్కువ చప్పుడు వర్క్‌స్టేషన్‌కు. ఖరీదైన వర్క్‌స్టేషన్లలోనూ ఈసీసీ ఉంటుంది.

ప్రాసెసర్ సమయం పంచే ఆ తేడా మాత్రం తర్వాతి విండోస్‌లలో కాపలా లేని సెట్టింగ్ అయింది. పెర్ఫార్మెన్స్ ఆప్షన్స్‌లో ప్రోగ్రామ్స్, బ్యాక్‌గ్రౌండ్ సర్వీసెస్ అనే రెండు గుండ్రని బటన్లుగా మార్చుకునేందుకు వీలుగా ఉంటుంది.