‘సత్‌నామ్’ – గ్రంథం నుండి యోగాసనం దాకా

సిక్కుల పవిత్ర గ్రంథం అక్షరంతో గాక అంకెతో మొదలవుతుంది. ఓంకారానికి ముందు గురుముఖి లిపిలో ‘1’ వేసి ఉంటుంది. దానిని ‘ఇక్ ఓంకార్’ అని చదువుతారు. పరమాత్మ ఒక్కడే అని భావం. బిల్లులలో అంకెలు ఎవరూ దిద్దకుండా పక్కన అక్షరాలలో కూడా రాయించే కొలువులో ముప్పై మూడేండ్లు గడిపిన నాబోటి గుమాస్తాకు, అక్షరం చాలదని అంకె వేయడం మొదట వింతగానే తోచింది. రెండవదానికి చోటివ్వని పద్ధతి అది.

ఆ వెంటనే వచ్చే మాట ‘సత్‌నామ్’. ఈ మూలమంత్రం గురునానక్ (1469–1539) వాక్కుగా చెబుతారు. అయిదవ గురువు అర్జన్ దేవ్ 1604లో ఆదిగ్రంథాన్ని సంకలనం చేయించి, దీనిని మొదట నిలిపారు. ‘సత్’ మనమెరిగిన సంస్కృత పదమే: ఎన్నటికీ ఉండేది. ‘నామ్’ అంటే ఉత్త పేరు కాదు. ఆ ఉనికి మనకు తెలియవచ్చే తీరు. తర్వాతి మాటలు ఆయనకు భయమూ పగా లేవనీ, పుట్టుక లేదనీ, గురుకృప వల్లనే తెలియదగినవాడనీ చెబుతాయి. నిత్యజపానికి మాత్రం సిక్కులు ఎక్కువగా వాడేది ‘వాహెగురు’ అనే గురుమంత్రం.

నానక్ యోగులను ఎరుగనివారు కారు. సిద్ధులతో ఆయన సంవాదం ‘సిద్ధ్ గోష్టి’ పేర గ్రంథంలోనే ఉంది. ఇల్లు విడిచి, విభూతి పూసుకున్నంత మాత్రాన యోగం సిద్ధించదని ఆయన మతం. నామస్మరణ, కష్టార్జితం, పంచుకు తినడం – మూడూ కలిసి ఉండాలన్నది సిక్కు సంప్రదాయం.

గురు గోవింద్ సింగ్ 1708లో తన తర్వాత గ్రంథమే గురువని నిర్ణయించింది గోదావరి ఒడ్డున, నాందేడులో. 1956 దాకా అది హైదరాబాదు రాష్ట్రంలోని ఊరే. నేను 1988లో ఎల్.టి.సి. మీద వెళ్ళినప్పుడు, లంగరులో ఒంటిచేయి చాచిన నన్ను వడ్డించేవారు ఆపి, రెండు చేతులూ పట్టమన్నారు. ఆ పంక్తిలో ఆఫీసరని, అటెండరని తేడా లేదు.

యోగంలో ఈ మాటకు పేరు వచ్చింది ఇటీవలే. ఢిల్లీలో కస్టమ్స్ శాఖలో పనిచేసిన హర్‌భజన్ సింగ్ 1968లో కెనడాకు, అక్కడి నుండి అమెరికాకు వెళ్ళి, యోగి భజన్ అన్న పేర కుండలినీ యోగం నేర్పారు. ఊపిరి తీసేటప్పుడు మనసులో ‘సత్’, విడిచేటప్పుడు ‘నామ్’ అనుకోవాలి. సత్‌క్రియలో ‘సత్’ అంటూ నాభిని లోపలికి లాగి, ‘నామ్’ అంటూ వదలాలి. ఆసనాలను నామానికి ముడిపెట్టడం సిక్కులలో చాలామందికి నచ్చలేదు. ఆయన 2004లో గతించారు. ఆయన అనుయాయుల సంస్థే నియమించిన విచారణ బృందం, ఆయనపై వచ్చిన లైంగిక ఆరోపణలు నిజమయ్యే అవకాశమే ఎక్కువని 2020లో నివేదించింది.

అందుచేతనే మా పార్కులో తగవు వచ్చింది. గురువు అటువంటివాడైతే మంత్రం మానేయాలని ఒకరు. శబ్దమే ముఖ్యం, అర్థంతో పనేమిటని మరొకరు. నాకు రెండూ సమ్మతం కావు. ఆ మాట యోగి భజన్ సొంతం కాదు. ఆయనకు నాలుగువందల యేండ్ల ముందే ఉన్నది. ఊపిరి నిదానించడానికే అయితే అంకెలు లెక్కపెట్టుకున్నా సరిపోతుంది. ‘సత్‌నామ్’ అనదలచినవారు, నానక్ దానితో జతచేసిన కష్టార్జితాన్నీ పంక్తిభోజనాన్నీ విడదీయరాదు.

మన సభ్యులు కొందరు నాందేడు యాత్ర తలపెట్టారని విన్నాను. తలకు చుట్టుకునే రుమాలు తప్పక తీసుకువెళ్ళండి; పాదరక్షలు బయటనే విడవాలి.