మా ఇంటి కుక్కల చరిత్ర

మా లడ్డూ పోయి ఏడు నెలలైంది. లడ్డూ అంటే తినేది కాదండీ, మా లాబ్రడార్. (తినే లడ్డూలు కూడా దాని పుణ్యమా అని మా ఇంట్లో చాలానే పోయాయి, ఆ సంగతి తర్వాత చెప్తాను.) మొన్నో శనివారం పొద్దున్న కాఫీ తాగుతుంటే మా అమ్మాయి లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. స్ప్రెడ్‌షీట్! ఎనిమిదేళ్ళ పిల్ల, అన్నీ తండ్రి బుద్ధులే అని మా ఆవిడ దెప్పింది. అందులో వరసగా కాలమ్స్... జాతి, జుట్టు రాలుతుందా, మొరుగుతుందా, ఎంత తింటుంది. చివరి కాలమ్ పేరు "మళ్ళీ తెచ్చుకుంటావా?". "నాన్నా, నువ్వు చిన్నప్పట్నుంచీ పెంచిన కుక్కలన్నీ ఇందులో రాయి. దాన్నిబట్టి ఈసారి ఏ బ్రీడ్ తెచ్చుకోవాలో తేలుద్దాం" అంది.

పది నిమిషాల పనే కదా అనుకున్నాను. మూడు వారాలు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పడానికే ఈ సోదంతా.

తేలిగ్గా ఉన్నవి ముందు రాశాను. ఏలూరులో మా ఇంట్లో మొదట వచ్చింది స్నోయీ. 1996లో. అంతకు రెండేళ్ళ ముందు "హమ్ ఆప్కే హై కౌన్" సినిమాలో టఫీ అని తెల్లకుక్క వేషం వేసింది గుర్తుందా? ఆ తర్వాత మా వీధిలో మూడిళ్ళలో తెల్లకుక్కలు వెలిశాయి. అన్నిటినీ పొమేరియన్ అనేవాళ్ళం. అసలు పొమెరేనియా అనేది బాల్టిక్ సముద్రం ఒడ్డున ఉన్న ప్రాంతం, ఇప్పుడు కొంత జర్మనీలో, ఎక్కువ భాగం పోలండ్‌లో ఉంది. అక్కడి కుక్కలు మొదట్లో ఇప్పటికంటే చాలా పెద్దవి. 1888లో విక్టోరియా రాణి ఇటలీలోని ఫ్లోరెన్స్ వెళ్ళి, మార్కో అనే చిన్న సైజు దాన్ని ముచ్చటపడి తెచ్చుకుంది. రాణిగారికి చిన్నవి నచ్చితే ఇక ఊరందరికీ చిన్నవే నచ్చాయి. అలా తగ్గి తగ్గి ఒళ్ళో పట్టేంత అయింది. మన ఊళ్ళలో పొమేరియన్ అని పిలిచినవాటిలో చాలా మటుకు అసలు పొమేరియన్లు కావు, ఇండియన్ స్పిట్జ్ అనే వేరే జాతి. తెల్లదొరలు తెచ్చిన జర్మన్ స్పిట్జ్‌ల సంతానం. పదమూడేళ్ళు పెంచినా ఈ సంగతి నాకు అమెరికా వచ్చాకే తెలిసింది.

పాలవాడి మీదా, గ్యాస్ బండ తెచ్చేవాడి మీదా, కరెంటు బిల్లు వాడి మీదా సమానంగా మొరిగేది. మే నెలొస్తే మాత్రం నోరెత్తేది కాదు. అమ్మ తడిపిన గోనెపట్టా మీద, మంచినీళ్ళ కుండ పక్కన నాలుక వేలాడేసుకుని పడుకునేది. చలిదేశపు బొచ్చు వేసుకుని ఏలూరు ఎండల్లో పదమూడేళ్ళు బతికింది పాపం. "మళ్ళీ తెచ్చుకుంటావా?" దగ్గర "వద్దు, దానికే కష్టం" అని రాశాను.

తర్వాతది టైగర్. 2002లో ఊరి చివర కొత్తిల్లు కట్టుకున్నాం. దొంగల భయం అని నాన్న అల్సేషియన్ పిల్లని తెచ్చారు. మా పక్కింటాయన "మాది అల్సేషియన్ కాదండీ, జర్మన్ షెపర్డ్" అని గొప్పగా చెప్పుకునేవారు. రెండూ ఒకటేనని ఇద్దరికీ తెలీదు! ఈ జాతికి పుట్టినరోజు లాంటిది కూడా ఉంది. 1899 ఏప్రిల్ 3న మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే జర్మన్ అశ్వికదళ అధికారి ఒక డాగ్ షోలో గొర్రెలు కాసే కుక్కని చూసి మనసు పారేసుకుని కొనేశాడు. దానికి హోరాండ్ అని కొత్త పేరు పెట్టి, అదే నెలలో సంఘం స్థాపించి, రిజిస్టరులో మొట్టమొదటి నంబరు దానికిచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఇంగ్లండులో జర్మన్ అన్న మాటే గిట్టక, జర్మనీ-ఫ్రాన్స్ సరిహద్దులోని అల్సేస్ పేరు తగిలించారు. అక్కడి కెన్నెల్ క్లబ్ 1977లో పాత పేరు తిరిగిచ్చేసింది. ఏలూరుకి మాత్రం ఆ కబురు 2002 దాకా అందలేదు.

టైగర్ గేటు దగ్గర కూర్చుంటే కొరియర్ వాడు వీధి చివర్నుంచే ఫోన్ చేసేవాడు. నన్ను మాత్రం రోజూ సాయంత్రం కాలేజీ బస్సు దిగే చోటు నుంచి ఇంటిదాకా కాపలా కాస్తూ తీసుకొచ్చేది. 2009 ఆగస్టులో నేను ఎమ్మెస్‌కి వచ్చేశాను. అది సాయంత్రం ఐదయ్యేసరికి గేటు దగ్గరికెళ్ళి కూర్చునేదని అమ్మ ఫోన్లో చెప్పేది. రెండు నెలల తర్వాత చెప్పడం మానేసింది. అది మానేసిందో, అమ్మ చెప్పడం మానేసిందో నేనడగలేదు. ఆ జాతికి తుంటికీళ్ళ జబ్బు ఎక్కువ. వెనక కాళ్ళు పడిపోయాయి. మరుసటి ఏడాది నా పరీక్షలయ్యాక, "ఒరేయ్ నాన్నా, నీకు చెప్తే చదువు పాడవుతుందని చెప్పలేదురా" అంది. కాలమ్‌లో ఏం రాయాలో తెలీక ఖాళీగా వదిలేశాను.

ఈలోగా మా ఆవిడ వచ్చి తన పుట్టింటి పగ్‌ని కూడా చేర్చమంది. హైదరాబాదు వాళ్ళది. 2003లో హచ్ ఫోన్ల ప్రకటనలో చిన్న పిల్లాడి వెంట పగ్ నడిచిందిగా, ఆ దెబ్బకి వాళ్ళింట్లోకీ ఒకటి నడిచొచ్చింది. రాత్రిళ్ళు దాని గురక హాల్లోంచి వినబడేదట. లండన్‌లోని టేట్ మ్యూజియంలో విలియం హోగార్త్ అనే చిత్రకారుడు 1745లో తన పగ్‌తో కలిపి గీసుకున్న బొమ్మ ఉంది. వెతికి చూడండి. ఆ పగ్‌కి చక్కగా ముక్కుంది! రెండున్నర వందల ఏళ్ళలో మనుషులు ముచ్చటపడి ఆ ముక్కుని మొహంలోకి నొక్కేశారు. ఊపిరాడని కుక్కని చూసి "ఎంత ముద్దుగా ఉందో" అంటాం.

అసలీ బ్రీడ్ గొడవంతా ఎప్పుడు మొదలైందా అని వెతికితే, మనం అనుకున్నంత పాతది కాదు. పనినిబట్టి కుక్కల రకాలు వేల ఏళ్ళుగా ఉన్నాయి. వేటకి ఒకటి, మందకి ఒకటి, కాపలాకి ఒకటి. కానీ ఇంత ఎత్తుండాలి, ఈ రంగే ఉండాలి, తాతముత్తాతల పేర్లు రిజిస్టరులో ఉండాలి అన్నది ఇంగ్లండులో విక్టోరియా రాణి కాలం నాటి పిచ్చి. 1859 జూన్‌లో న్యూకాసిల్‌లో పెద్ద డాగ్ షో పెట్టారు. గెలిచినవాళ్ళకి బహుమతి తుపాకులు. 1873లో అక్కడ కెన్నెల్ క్లబ్, 1884లో ఇక్కడ అమెరికన్ కెన్నెల్ క్లబ్ పుట్టాయి. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, అప్పటిదాకా పనిచేస్తే చాలనుకున్న దానికి స్పెసిఫికేషన్ రాసి, ఫ్రీజ్ చేసి, బయటినుంచి కొత్త కోడ్ రాకుండా తాళం వేశారు. అలా చేస్తే పాత బగ్గులు తరతరాలుగా అందులోనే ఉండిపోతాయని మనకి తెలీదూ?

ఇక లడ్డూ. ఉద్యోగంలో కుదురుకున్నాక 2014లో కొన్నాం. అప్పట్లో అమెరికాలో లాబ్రడార్‌దే రాజ్యం. కెన్నెల్ క్లబ్ లెక్కల్లో 1991 నుంచి 2021 దాకా వరసగా మొదటి స్థానం దానిదే. 2022లో ఫ్రెంచ్ బుల్‌డాగ్ వచ్చి దింపేసింది. పేరు లాబ్రడార్ అయినా దాని పూర్వీకులది పక్కనున్న న్యూఫౌండ్‌లాండ్ దీవి. అక్కడ చేపలు పట్టేవాళ్ళ దగ్గర సెయింట్ జాన్స్ కుక్కలని ఉండేవి. గడ్డకట్టే నీళ్ళలో దూకి, గాలం నుంచి జారిన చేపల్ని, వలల తాళ్ళని లాక్కొచ్చేవి. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో చేపల ఓడల్లో కొన్ని ఇంగ్లండులోని పూల్ రేవుకి చేరాయి. మామ్స్‌బరీ ప్రభువులు వాటిని చూసి, కాల్చిన బాతుల్ని నీళ్ళలోంచి తేవడానికి బాగుంటాయని పెంచారు. స్కాట్లాండులో బక్లూ ప్రభువులూ అంతే. 1903లో అక్కడి కెన్నెల్ క్లబ్ గుర్తించింది. పుట్టినూళ్ళో మాత్రం ఆ సెయింట్ జాన్స్ కుక్కలు 1980ల నాటికి అంతరించిపోయాయి.

లడ్డూ ఆకలి గురించి చెప్పాలి. ఇండియా నుంచి అత్తగారు పంపిన అరిసెలు, డబ్బాతో సహా నమిలేసింది. ఆ రోజు దాన్ని బాగా తిట్టాను. 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు ఒక విషయం బయటపెట్టారు. లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతు వాటికి ఆకలిని అదుపుచేసే పీఓఎమ్‌సీ అనే జన్యువులో చిన్న ముక్క తెగిపోయి ఉంటుందట. దాంతో వాటికి తిన్నా తిన్నట్టుండదు. లడ్డూకి పరీక్ష చేయించలేదు గానీ, అది చదివాక మళ్ళీ తిట్టలేదు. మా అమ్మాయి నడక నేర్చుకుంది దాని వీపు పట్టుకునే. "మళ్ళీ తెచ్చుకుంటావా?" దగ్గర మా అమ్మాయే "అవును" అని నింపేసింది.

నాలుగు వరసలయ్యాయి. "అంతేనా నాన్నా? మొట్టమొదటి కుక్క స్నోయీనేనా?" అంది.

కాదు. ఇక్కడే మూడు వారాలు ఆగిపోయాను.

మా అమ్మమ్మగారి ఊరు కొల్లేరు పక్కన, ఆకివీడు దగ్గర. కోతలయ్యాక బాతుల మందలు తోలుకుంటూ వచ్చేవాళ్ళు. రాలిన గింజలు, నత్తలు తిన్నంత తిని మంద పక్క ఊరికి సాగిపోయేది. అలా ఒక మందతో వచ్చిన కుక్క తాతయ్య ఇంటి దగ్గర ఉండిపోయింది. బుడ్డోడు అనేవాళ్ళం. ఒంటి మీద వెంట్రుక ఉందా అన్నంత నున్నగా, లేత గోధుమరంగులో ఉండేది. మొరిగేది కాదు, ఏదో రాగం తీసినట్టు కూసేది. నేలలో గుంట తవ్వుకుని అందులో ముడుచుకుని పడుకునేది. తులసికోట పక్కన తవ్విందని అమ్మమ్మ చీపురు తిరగేసేది. అది ఏ జాతో ఎవరూ అనుకోలేదు. ఊరకుక్క అంతే.

నాకప్పుడు ఏడేళ్ళు. వేసవి సెలవులు. బుడ్డోడు ఎముక కొరుకుతుంటే నేను దాని నోట్లోంచి లాగబోయాను. చేతి మీద పన్ను దిగింది. ఏడుస్తూ లోపలికెళితే అందరూ చుట్టూ మూగారు. "ఏం చేశావురా?" అని మావయ్య అడిగాడు. "ఏం చెయ్యలేదు, ఊరికే వచ్చి కరిచింది" అన్నాను.

ఆ రోజుల్లో సర్కారు ఆసుపత్రిలో బొడ్డు చుట్టూ పధ్నాలుగు ఇంజెక్షన్లు. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ అనే డాక్టరు కనిపెట్టిన మందు అది, గొర్రె మెదడులోంచి తీసేవారు. మన దేశంలో 2004-05 దాకా అదే వాడారు. కుక్కని పది రోజులు కట్టేసి చూడాలి, అది బాగుంటే భయం లేదు అని కాంపౌండరు చెప్పాడు. కానీ ఊరికే కరిచిందంటే పిచ్చి పట్టినట్టేగా అన్నారు ఇంట్లోవాళ్ళు. మర్నాడు పొద్దున్నే మావయ్య బుడ్డోడి మెడకి తాడు కట్టి చెరువుగట్టు వైపు తీసుకెళ్ళాడు. అది తోక ఊపుకుంటూ వెళ్ళింది. మావయ్య ఒక్కడే తిరిగొచ్చాడు. నేనేం అడగలేదు. నిజమూ చెప్పలేదు. ఆ రోజు కాదు, ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళూ కాదు.

కొన్నేళ్ళ క్రితం దేశీ కుక్కల ఫోటోలు చూస్తుంటే అచ్చం బుడ్డోడు కనబడింది. కింద జోనంగి అని రాసుంది. కోస్తా పొడుగునా ఒకప్పుడు ఉన్న జాతి, ఇప్పుడు కొల్లేరు చుట్టుపక్కల కొద్దిగా మిగిలిందట. బాతులు కాయడానికీ వేటకీ వాడేవారట. వరిచేలు చేపల చెరువులయ్యాక బాతుల మందలతో పాటు దీని పనీ పోయింది. సెయింట్ జాన్స్ కుక్కా, జోనంగీ రెండూ నీటి ఒడ్డున పేదవాళ్ళతో బతికినవే. ఒకదానికి దొరలు దొరికారు, రిజిస్టరులోకెక్కి లాబ్రడార్ అయింది. రెండోదానికి నేను దొరికాను.

2022లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. పద్దెనిమిది వేలకు పైగా కుక్కల యజమానుల్ని ప్రశ్నించి, రెండు వేలకు పైగా కుక్కల జన్యువులు చదివారు. కుక్కకీ కుక్కకీ ప్రవర్తనలో కనిపించే తేడాల్లో, జాతి వల్ల వచ్చేది సుమారు తొమ్మిది శాతమేనట. రూపం జాతిని బట్టి, బుద్ధి దాని దానిని బట్టి. మన పెద్దలకిది తెలుసేమో. భారతం ఆదిపర్వంలోనే, ఏ తప్పూ చేయని తన పిల్లని కొట్టారని సరమ అనే దేవశుని వచ్చి జనమేజయుణ్ణి నిలదీస్తుంది. చివర్లో ధర్మరాజు వెంట నడిచిందీ కుక్కే, దాన్ని వదిలేసి స్వర్గానికి రానన్నాడాయన. దాని జాతేమిటని ఎవరూ అడగలేదు. చిన్నప్పుడు చివరి కథే వినిపించారు నాకు. మొదటి కథ ఈ మధ్యే చదివాను.

నిన్న రాత్రి మా అమ్మాయిని కూర్చోబెట్టి బుడ్డోడి సంగతి మొత్తం చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మావయ్య తాతయ్యకి చెప్పావా?" అంది. లేదన్నాను. "ఇప్పుడు అక్కడ పొద్దున్నేగా" అంది.

చేశాను. మావయ్యకి డెబ్భై దాటాయి. విని, కాసేపాగి, "ఇప్పుడెందుకురా అవన్నీ" అన్నాడు. మళ్ళీ తనే, "మంచి కుక్కరా అది. రాత్రిళ్ళు నాతోపాటు చేలోకి వచ్చేది" అన్నాడు.

స్ప్రెడ్‌షీట్‌లో ఐదో వరస చేరింది. "మళ్ళీ తెచ్చుకుంటావా?" దగ్గర నేనేం రాయలేదు. ఆ మాట అడగాల్సింది నన్ను కాదు. వచ్చే శనివారం మా ఊరి జంతు సంరక్షణ కేంద్రానికి వెళ్తున్నాం. జాతి అన్న కాలమ్‌ని మా అమ్మాయి తీసేసింది. ఎముక ఇచ్చాక మళ్ళీ లాక్కోకూడదు అని కాయితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించింది.