బోర్డు రోడ్డు, బోర్డు బడి

ఇటు దగ్గరకు జరగండర్రా, మంటలో ఇంకో రెండు తాటికమ్మలు వెయ్యండి. ఇవాళ మీరంతా జిల్లా పరిషత్తు బడి అంటున్నారే, మా చిన్నప్పుడు దాన్ని 'బోర్డు బడి' అనేవాళ్ళం. ఊరి బయట రోడ్డేమో 'బోర్డు రోడ్డు'. రెంటికీ యజమాని బందరులో ఉండే జిల్లా బోర్డు.

అప్పట్లో మనది చల్లపల్లి జమీందారు దివాణం కింది సీమ. రైతులు దివాణానికి శిస్తు కట్టేవాళ్ళు, దాంతో పాటు రోడ్డు సెస్సు కూడా పడేది. ఆ సెస్సు బోర్డు కన్నా ముందు నుంచీ ఉంది. ఆ డబ్బుతోనే రోడ్లు, బళ్ళు, ఆసుపత్రులు. 1884 చట్టంతో జిల్లా బోర్డులు వచ్చాయి.   కానీ అధ్యక్ష పీఠం మీద కూర్చునేది కలెక్టరు దొర. 1920 చట్టం వచ్చాక ఆ పీఠం ప్రజల మనుషులకు దక్కింది. 1925లో ఏలూరు వైపంతా పశ్చిమ గోదావరి జిల్లాగా విడిపోయింది, మన బోర్డు పరిధీ తగ్గింది.

ఈ నల్లరేగడిలో రోడ్డు వెయ్యటమంటే మాటలు కాదర్రా. మన దగ్గర రాయి ఎక్కడిది? దూరాన్నుంచి రావాల్సిందే. రోడ్డు పక్కన కంకరను పెట్టెల్లాగా నలుచదరంగా పేర్చేవాళ్ళు. మేస్త్రీ కొలతబద్ద పెట్టి చూసి, సరిపోతేనే కూలి రాసేవాడు. తర్వాత కంకర పరిచి, ఎర్రమట్టి పోసి, నీళ్ళు చల్లి, రాతి రోలరు లాగేవాళ్ళు. వానాకాలం రాగానే బండి చక్రాలు మళ్ళీ గాడి పెట్టేవి.

1959లో పంచాయతీరాజ్ వచ్చింది. జిల్లా బోర్డు పోయి జిల్లా పరిషత్తు, దాని కింద సమితులు. బీడీవో గారు, గ్రామసేవకుడు అనే మాటలు ఆ రోజుల్లో మన నోట బాగా నానాయి. పిన్నమనేని కోటేశ్వరరావు గారు చాలాకాలం పరిషత్తు చైర్మనుగా చేశారు. ముఖ్యమంత్రి ఎన్టీ రామారావుగారి హయాంలో 1986 చట్టంతో సమితులు పోయి మండల పరిషత్తులయ్యాయి.

పేర్లు మారాయి గానీ ధర్మం ఒక్కటే. ఊరు తన డబ్బుతో తన పని తాను చేసుకోవాలి, చేయించుకోవాలి. మా పెద్దలు ఓటు లేని రోజుల్లో సెస్సు కట్టి నోరు మూసుకున్నారు. మీకు ఓటుంది. మన జెడ్పీటీసీ, అంటే జిల్లా పరిషత్తులో మన మండలం సభ్యుడు, ఎవరో తెలుసుకోండి. బడి కప్పు కారితే, రోడ్డు గుంట పడితే నలుగురూ కలిసి అర్జీ రాసుకుని వెళ్ళండి. అడగటం మన హక్కర్రా.